విషానికీ ఓ జాతకం

భద్రాచలం మన్యంలో గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో రెండు రకాల గింజలున్నాయి. ఒకటి చిల్లగింజ. రెండోది ముష్టిగింజ. వృక్షశాస్త్రం ప్రకారం రెండు చెట్ల ఇంటిపేరూ ఒక్కటే... స్ట్రిక్నాస్! చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపితే బురదనీరు తేరుకుంటుంది. ఫిల్టర్లు ఎరగని రోజుల్లో పల్లెలకు అదే నీళ్ళ శుద్ధి యంత్రం. ముష్టిగింజ సంగతి పూర్తిగా వేరు. అందులో ఉండే స్ట్రిక్నీన్ వెన్నుపాములోని నరాలకు ఉండే కళ్ళెం తెంపేస్తుంది. కండరాలు కొయ్యబారిపోయి, ఊపిరాడక ప్రాణం పోతుంది. ఆయుర్వేదంలో దాన్ని ఔషధంగా వాడాలన్నా ముందు శుద్ధి చేయాల్సిందే.

అన్నదమ్ముల్లాంటి ఆ రెండు చెట్లలో ఏది నీళ్ళను శుభ్రం చేస్తుందో, ఏది ప్రాణం తీస్తుందో అడవిలో పుట్టి పెరిగినవాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. అయితే ఆ తెలివిడి ఊరికే రాలేదు. తరాల తరబడి చూసి, నష్టపోయి, నష్టపోయిన సంగతి తర్వాతివాళ్ళకు చెబితే వచ్చింది.

మరి ఇప్పుడు? ప్రపంచమంతటా ఉత్పత్తికీ వాడకానికీ నమోదైన రసాయనాలూ మిశ్రమాలూ కలిపి 3,50,000 దాకా ఉంటాయని 2020లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. పొలంలో కొట్టేవి, ఒంటికి రాసుకునేవి, ప్లాస్టిక్‌లో కలిపేవి, మాత్రల్లో ఉండేవి... అన్నీ అందులోనే. వీటిలో ఏది చిల్లగింజ, ఏది ముష్టిగింజ? తరాల తరబడి ఆగి చూసే తీరిక లేదు. ఒక్కోదాన్నీ జంతువులకు తినిపించి చూడ్డానికి డబ్బూ కాలమూ చాలవు. అందుకే శాస్త్రవేత్తలు కంప్యూటర్‌ను ఆశ్రయించారు. రసాయనం ఆకారాన్ని చూసి, అది ఎంత విషమో ముందే చెప్పించాలన్నది వాళ్ళ ప్రయత్నం. ఒకరకంగా ఇది విషానికి జాతకం రాయడమే!

డబ్బా మీది రంగు

జాతకాల సంగతికి ముందు పాత పద్ధతి చూద్దాం. ఖమ్మం జిల్లాలో పత్తి, మిర్చి వేసే రైతులకు పురుగుమందు డబ్బా మీద వజ్రం ఆకారంలో ఉండే రంగు గుర్తు కొత్త కాదు. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ... ఏదో ఒకటి ఉంటుంది. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం వేసే గుర్తు అది. దాని వెనకున్న లెక్క మాత్రం ఇంకా పాతది. 1927లో బ్రిటన్ శాస్త్రవేత్త జె.డబ్ల్యు.ట్రెవాన్ ప్రతిపాదించాడు. కొన్ని జంతువులకు ఒక పదార్థం ఇచ్చినప్పుడు ఎంత మోతాదులో వాటిలో సగం చనిపోతాయో చూడాలి. దాన్నే 'ఎల్‌డీ 50' అంటారు. ఎలుక బరువులో కిలోకి 50 మిల్లీగ్రాములు, అంతకంటే తక్కువకే సగం చనిపోతే ఆ మందుకు ఎరుపు. 500 వరకైతే పసుపు. 5000 వరకు నీలం. అదీ దాటితే ఆకుపచ్చ.

అంటే ఆ చిన్న రంగు గుర్తు వెనక ఎన్నో ఎలుకల చావులున్నాయన్నమాట. ఇంత హింస అవసరమా అన్న ప్రశ్న బలపడుతూ వచ్చింది. పాత పద్ధతిలో చేసే ఎల్‌డీ 50 పరీక్షను ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2002లో తన మార్గదర్శకాల్లోంచి తొలగించింది. తక్కువ జంతువులతో సరిపెట్టే పరీక్షలు దాని స్థానంలోకి వచ్చాయి. అసలు జంతువులే లేకుండా చెప్పగలమా అన్నది తర్వాతి ప్రశ్న.

నూనెలోనా... నీళ్ళలోనా?

దానికి సమాధానం వెతకడం 1960ల్లోనే మొదలైంది. అమెరికాలోని పొమోనా కాలేజీ ఆచార్యుడు కార్విన్ హాన్ష్, జపాన్ శాస్త్రవేత్త తోషియో ఫుజితా కలిసి ఒక ఆలోచన చేశారు. ఒక పదార్థం ఒంట్లోకి ఎలా వెళుతుంది, ఎక్కడ చేరుతుంది అనేది దాని అణువు నిర్మాణంలోనే రాసి ఉంటుందన్నది ఆ ఆలోచన. అందులో ముఖ్యమైన లెక్క ఒకటి వంటింట్లో ఉన్నవాళ్ళెవరికైనా తేలిగ్గా అర్థమవుతుంది. గ్లాసులో నీళ్ళూ నూనే పోస్తే వేటికవే విడిపోతాయి. అందులో ఒక రసాయనం కలిపితే అది నూనెలోకి పోతుందా, నీళ్ళలో కరుగుతుందా? డీడీటీ నూనెవైపు మొగ్గుతుంది. అందుకే అది ఒంట్లోని కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి తిష్ఠ వేస్తుంది. మోనోక్రోటోఫాస్ నీళ్ళలో ఇట్టే కలిసిపోతుంది. నీళ్ళతోపాటు మొక్క ఒళ్ళంతా పాకుతుంది. పురుగును చంపే గుణానికీ, మనిషికి ముప్పు తెచ్చే గుణానికీ మూలం ఆ నిర్మాణంలోనే ఉందన్నమాట.

మరికొన్ని ఆనవాళ్ళూ ఉంటాయి. పోలీసులు పాత నేరస్తుల ఫొటోలు దగ్గర పెట్టుకున్నట్లు శాస్త్రవేత్తలు కొన్ని అమరికల్ని గుర్తుపెట్టుకుంటారు. భాస్వరం పరమాణువు చుట్టూ ఒక పద్ధతిలో అల్లుకున్న అణువు కనిపిస్తే అనుమానించాల్సిందే. మోనోక్రోటోఫాస్, క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు ఆ జాతివే. నరం పంపిన కబురు అందాక దాన్ని చెరిపేసే ఎంజైము ఒకటి మన ఒంట్లో ఉంది. ఈ మందులు ఆ ఎంజైమును పట్టేస్తాయి. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. నోటివెంట నురగ, ఒళ్ళంతా చెమట, సూదిమొనంతగా మారిపోయే కంటిపాప... పత్తి సీజన్లో ఖమ్మం, వరంగల్ డాక్టర్లకు ఈ లక్షణాలు కొట్టిన పిండే. అట్రోపిన్ ఇంజెక్షన్ అందుకునేది ఇందుకే.

కోట్ల పేజీల చిట్టా

జాతకం చెప్పాలంటే పంచాంగం కావాలి. కంప్యూటర్‌కు ఆ పంచాంగమే డేటాబేస్. 1980ల్లో డేవిడ్ వైనింగర్ అనే రసాయన శాస్త్రవేత్త అణువు బొమ్మను ఒకే వరుసలో అక్షరాలుగా రాసే పద్ధతి కనిపెట్టాడు. సారాలో ఉండే ఇథనాల్ అందులో 'సీసీఓ' అనే మూడక్షరాల ముక్క! దాంతో అణువుల్ని కంప్యూటర్ తేలిగ్గా చదవడం, పోల్చడం మొదలైంది. 2004లో అమెరికా ప్రభుత్వం పబ్‌కెమ్ అనే చిట్టాను అందరికీ ఉచితంగా తెరిచింది. కోట్లకొద్దీ అణువుల వివరాలు అందులో ఉన్నాయి. 2008లో అక్కడి ప్రభుత్వ సంస్థలే టాక్స్21 పేరుతో మరో పని తలపెట్టాయి. దాదాపు 10,000 రసాయనాల్ని జంతువుల మీద కాకుండా పళ్ళేల్లో పెంచిన కణాల మీద రోబోలతో పరీక్షించారు. ఆ ఫలితాల్ని బయటపెట్టి, 2014లో 'మీ కంప్యూటర్ ఎంత బాగా ఊహించగలదో చెప్పండి' అంటూ పోటీ పెడితే ఆస్ట్రియాలోని లింజ్ విశ్వవిద్యాలయం బృందం గెలిచింది.

ఎల్‌డీ 50 విషయంలోనూ అంతే. దాదాపు 12,000 రసాయనాల మీద అప్పటికే జరిగిన పరీక్షల ఫలితాలు పోగుచేసి పంచితే, 35 బృందాలు 139 నమూనాలు తయారుచేశాయి. అన్నింటి మాటా కలిపి ఒక్క తీర్పుగా చెప్పే 'క్యాట్‌మాస్' 2021లో వెలువడింది. పదిమంది జ్యోతిష్యుల్ని అడిగి ఏకాభిప్రాయం తీసుకోవడం లాంటిదే ఇది. తేడా ఏమిటంటే, ఇక్కడ ఎవరు ఎన్నిసార్లు తప్పారో లెక్క ఉంటుంది.

మన దగ్గరా ఈ పని జరుగుతోంది. చెన్నైలోని గణిత శాస్త్రాల సంస్థ పరిశోధకులు 2019లో 'డిడక్ట్' అనే చిట్టా తయారుచేశారు. ఒంట్లోని హార్మోన్ల వ్యవస్థను తారుమారు చేసే రసాయనాల్ని పరిశోధనపత్రాల్లోంచి ఏరి అందులో చేర్చారు. మొదట 686, ఆ తర్వాత 792. ఔషధ మొక్కల్లోని పదార్థాలకు 'ఇంపాట్' పేరుతో మరో చిట్టా కూడా వాళ్ళదే. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో జి.నరహరి శాస్త్రి బృందం అణువుల గుణగణాల్ని లెక్కగట్టి ఔషధ పరిశోధనకు సాయపడే కంప్యూటర్ పరికరాల్ని రూపొందించింది. ఇక మందుల పరిశ్రమలో ఇది ఐచ్ఛికం కాదు. మాత్రలో పొరపాటున మిగిలే మలినాలు జన్యువుల్ని దెబ్బతీస్తాయో లేదో రెండు వేర్వేరు కంప్యూటర్ పద్ధతుల్లో అంచనా వేయొచ్చని 2014లో అంతర్జాతీయ మార్గదర్శకం వచ్చింది. అమెరికాకూ ఐరోపాకూ సరుకు పంపే హైదరాబాద్ బల్క్ డ్రగ్ కంపెనీలు ఆ దారిలోనే నడవాలి.

పొలిమేర దాటితే...

ఇంత బాగా చెబుతుంటే ఇక ఎలుకలెందుకు, డాక్టర్లెందుకు అనిపిస్తుంది. అక్కడే జాగ్రత్తగా ఉండాలి. కంప్యూటర్ వాదన అంతా ఒక్క నమ్మకం మీద నిలబడి ఉంది. పోలికలున్న అణువులు ఒకేలా ప్రవర్తిస్తాయన్నదే ఆ నమ్మకం. చాలాసార్లు అది నిజమే. కానీ ఒక్కోసారి చిన్న మార్పుతో గుణమే మారిపోతుంది. చిల్లచెట్టుకూ ముష్టిచెట్టుకూ ఇంటిపేరు ఒక్కటైనంత మాత్రాన గుణం ఒక్కటి కాలేదు కదా!

అందుకే 2004లో ఓఈసీడీ ఈ నమూనాలకు ఐదు సూత్రాలు పెట్టింది. అందులో ఒకటి... ప్రతి నమూనాకూ ఒక పొలిమేర ఉండాలి. ఏ రకం అణువుల్ని చూసి అది పాఠం నేర్చుకుందో ఆ రకం గురించే మాట్లాడాలి. అంతకుమించి అడిగితే 'నాకు తెలీదు' అనాలి. పల్లెలో పెద్దవాళ్ళు కూడా అంతే. తమ అడవిలోని ఆకుల గురించి గట్టిగా చెబుతారు. పక్క అడవి ఆకు చూపిస్తే నోట్లో పెట్టుకోవద్దంటారు.

ఇంకో చిక్కుంది. నమూనా నేర్చుకున్నది ఎలుకల లెక్క అయితే, అది ఎలుకల గురించే చెబుతుంది. పారాక్వాట్ అనే కలుపుమందే దీనికి ఉదాహరణ. ఎలుకల లెక్క ప్రకారం ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని రెండో వర్గంలో, అంటే ఒక మోస్తరు ప్రమాదకరమైనవాటిలో పెట్టింది. మనిషి విషయంలో మాత్రం అది ఊపిరితిత్తుల్లో చేరి వాటిని గట్టిపడేలా చేస్తుంది. విరుగుడు లేదు.

ఈ తేడా ఎలా బయటపడింది? కంప్యూటర్ ముందు కూర్చుంటే బయటపడలేదు. శ్రీలంకలో 2002 నుంచి 2008 దాకా పురుగుమందు ఒంట్లోకి పోయి ఆసుపత్రికి వచ్చిన 9,302 మంది వివరాల్ని పరిశోధకులు ఒక్కొక్కటిగా రాసిపెట్టారు. ఏ మందు, ఏం జరిగింది, బతికారా లేదా... అంతే. 2010లో ఆ లెక్క అచ్చయింది. కొన్ని మందుల విషయంలో ఒక్కరూ చనిపోలేదు. పారాక్వాట్ విషయంలో నూటికి 42 మంది పోయారు. ఎలుకల పరీక్షలో ఒకే వర్గంలో ఉన్న మందుల మధ్య కూడా మనుషుల దగ్గరికొచ్చేసరికి బోలెడంత తేడా కనిపించింది. 2008-2011 మధ్య శ్రీలంక పారాక్వాట్‌తోపాటు డైమిథోయేట్, ఫెంథియాన్‌లను దశలవారీగా తొలగించింది. తర్వాతి ఏళ్ళలో అక్కడ పురుగుమందుల మరణాలు బాగా తగ్గాయి. ఖరీదైన యంత్రాలేవీ లేవు. వార్డుల్లో రాసిన వివరాలే అంత పని చేశాయి.

చేలో జరిగేది వేరు

ఇక మన పత్తి చేలకొద్దాం. ప్రయోగశాలలో ఒక్కో రసాయనాన్నీ విడిగా పరీక్షిస్తారు. ఖమ్మం, కొత్తగూడెం వైపు చేలల్లో అలా జరగదు. పురుగు చావట్లేదంటే రెండు మూడు మందులు ఒకే బకెట్లో కలుపుతారు. చేతికి తొడుగుండదు, కాళ్ళకు బూట్లుండవు. వీపు మీది పంపు కారి చొక్కా తడుస్తుంది. ఎండకు చెమట పట్టి చర్మం ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. ఏ డేటాబేస్‌లోనూ ఈ మిశ్రమానికి ప్రత్యేకంగా ఒక పేజీ ఉండదు.

ఆ లోటు పూడ్చే ప్రయత్నం ఒకటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2003లో ఫ్రాన్సెస్కా మాన్సీని అనే పరిశోధకురాలి బృందం మూడు గ్రామాల్లోని 50 మంది పత్తి రైతు మహిళలకు ఒక పని అప్పగించింది. మందు కొట్టిన రోజున తమకూ ఇంట్లో మగవాళ్ళకూ ఏమైందో వాళ్ళే గుర్తుపెట్టి చెప్పాలి. తలనొప్పి, కళ్ళ మంటలు, వాంతి, వణుకు... అలా 323 సందర్భాలు నమోదయ్యాయి. ఎనభై శాతానికిపైగా సందర్భాల్లో ఏదో ఒక విషలక్షణం కనిపించింది. మరో సంగతీ తేలింది. పంపు వీపున మోసేది మగవాళ్ళే అయినా, మందు కలిపి పంపులో పోసే ఆడవాళ్ళకూ దాదాపు అంతే ప్రమాదం ఉంది. అప్పటిదాకా ఆ తలనొప్పులన్నీ 'ఎండ దెబ్బ' కిందే పోయేవి. ఆసుపత్రికి వెళ్ళనివాళ్ళ బాధ ఏ రిజిస్టరుకూ ఎక్కదు. రిజిస్టరుకు ఎక్కనిది డేటాబేస్‌కు చేరదు. డేటాబేస్‌లో లేనిదాని గురించి కంప్యూటర్ ఏం చెబుతుంది?

లెక్క ఉండీ లెక్కచేయకపోతే...

పోనీ, లెక్క ఉన్నచోటైనా మేలు జరిగిందా? మోనోక్రోటోఫాస్ మహా ప్రమాదకరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. మన దేశంలో కూరగాయల మీద దాని వాడకాన్ని చాలాకాలం కిందే నిషేధించారు. అయినా పత్తి పేరుతో దుకాణాల్లో దొరికేది. 2013 జులైలో బీహార్‌లోని గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది ఆ మందే. దేశంలో ఎక్కువగా అమ్ముడయ్యే 36 శాతం ద్రావణాన్ని నిలిపేస్తూ కేంద్రం ఉత్తర్వులిచ్చింది 2023లో! విషం ఎంతో చెప్పే లెక్క ఎన్నడో వచ్చింది. దాన్ని లెక్కచేయడానికే ఇన్నేళ్ళు పట్టింది.

పునుకుల వాళ్ళు మాత్రం ఉత్తర్వుల కోసం ఆగలేదు. పాల్వంచ మండలంలోని ఈ ఊరు అప్పట్లో ఖమ్మం జిల్లాలో, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉంది. 1990ల చివర్లో అక్కడి పత్తి రైతు పరిస్థితి చుట్టుపక్కల ఊళ్ళ పరిస్థితే. మందు అప్పుగా ఇచ్చేది డీలరే, పత్తి కొనేదీ చాలాసార్లు ఆయనే. ఎంత కొట్టినా శనగపచ్చ పురుగు చావలేదు కానీ అప్పు పెరిగింది, ఆరోగ్యం తరిగింది. సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ, తర్వాత సుస్థిర వ్యవసాయ కేంద్రంగా ఏర్పడిన హైదరాబాద్ నిపుణుల బృందం తోడు నిలిచాయి. మొదట కొద్దిమందే ధైర్యం చేశారు. వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి కషాయం, చేను చుట్టూ ఆముదం, బంతి మొక్కలు, లింగాకర్షక బుట్టలు, పక్షులు వాలడానికి కొమ్మలు... మహిళా సంఘాలు గట్టిగా నిలబడ్డాయి. 2004 నాటికి ఊరంతా పురుగుమందు మానేసింది. ఊళ్ళోకి మందుల డీలర్లు రావద్దని పంచాయతీ తీర్మానించింది. ఆ అనుభవం ఊతంగా గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతుల్ని రాష్ట్రంలోని ఎన్నో గ్రామాలకు తీసుకెళ్ళింది.

అలాగని ప్రకృతిలో దొరికేదంతా మంచిదని కాదు. స్ట్రిక్నీన్ ఏ ఫ్యాక్టరీలోనూ పుట్టలేదు, అడవిలోనే పుట్టింది. వేపలో పురుగును ఆపే అజాడిరాక్టిన్ ఎలుకల పరీక్షలో ఆకుపచ్చ వర్గంలోకే వస్తుంది. కానీ అదే వేపగింజల నూనె పట్టిస్తే పసిపిల్లల ప్రాణం మీదికొచ్చిన సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తెలుగులో జ్వరానికి మింగేదీ మందే, చేలో కొట్టేదీ మందే. పేరు చూసి మోసపోయేది మనిషే. కంప్యూటర్ పేరు చూడదు, నిర్మాణం చూస్తుంది. దాని గొప్పతనం అక్కడుంది.

డబ్బా పేరు రాయండి

ఈ జాతకాలు మన పొలాలకు పనికిరావాలంటే మన పొలాల సంగతులు అందులోకి చేరాలి. అది శాస్త్రవేత్తలు మాత్రమే చేసే పని కాదు. మందు కొట్టి వచ్చాక తల తిరిగినా, వాంతి అయినా, చూపు మసకబారినా బట్టలు మార్చి, ఒళ్ళు సబ్బుతో కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. కొట్టిన మందు డబ్బాను, రెండు మూడు కలిపి ఉంటే అన్నింటినీ వెంట తీసుకెళ్ళాలి. డబ్బా మీదా, లోపలి కాగితంలోనూ మందు అసలు పేరూ విరుగుడు వివరాలూ ఉంటాయి. డాక్టరుకు అట్రోపిన్ ఇవ్వాలా, మరొకటి చూడాలా అన్నది క్షణాల్లో తేలుతుంది. ఇక ఆసుపత్రి వైపు నుంచి, కేసు షీట్‌లో 'పురుగుమందు' అని ఒక్క ముక్క రాసి వదిలేయకుండా ఆ మందు పేరు, ఏయే మందులతో కలిపారు, తర్వాత మనిషి ఏమయ్యాడు అనేది రాస్తే చాలు. శ్రీలంకలో 9,302 మంది వివరాలు అలా ఒక్కొక్కటిగా చేరినవే. ముష్టిగింజ గురించి అడవికి తెలిసింది కూడా, నష్టపోయినవాళ్ళ సంగతి ఎవరో ఒకరు మరిచిపోకుండా చెప్పబట్టే.